మన పేటలోని చిన్న బడి

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు దినములలో మన సంఘ సభ్యులు కలిసికొన్నప్పుడు ఒకరినొకరు తప్పక అడుగుకొను ప్రశ్న యొకటి కలదు. "మీ పిల్లవానిని ఏ బడిలో చేర్చితిరి?" అనునదే యది. బదులుగా వినవచ్చు పేర్లన్నియు దూరపు బడుల పేర్లే. తెలతెలవారగనే పిల్లలను లేపి, వ్యానుల నెక్కించి, ఊరి రెండవ కొసకు పంపవలసిన బడులవి. నాలుగు వీధుల కావల, నడచి పోదగిన దూరమున నున్న నగరపాలక ప్రాథమిక పాఠశాల పేరు మాత్రము ఎవరి నోటను వినబడదు. ఎవరును పలుకని యా బడిని గూర్చియే ఈ వారము మన పాఠకులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

ఇటీవల నొక ఉదయమున ఆర్.ఎస్. పురములోని అట్టి పాఠశాల వాకిట మేము కొంతసేపు నిలిచితిమి. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చుచుండిరి. వీధులూడ్చు పని నడుమ తీరిక చేసికొని వచ్చిన తల్లి యొకతె, చీపురు గోడకు చేరవేసి, కుమారుని తల సవరించి, "బిరీన పోరా, బెల్లు కొట్టేసిరి" అని తొందరపెట్టెను. ఆ పిల్లవాడు "పోతా ఉండానమ్మా" అని పరుగెత్తెను. అది తెలుగు. ఇంగ్లీషు ముక్కలతో అతుకులు పడిన మన ఇండ్లలోని తెలుగు కంటె తేట తెలుగు. అయినను మన ఉగాది సభలో ఆ తల్లిని మేమెన్నడును చూచియుండలేదు. ఆమెకు ఆహ్వానము పోయియుండదు.

కోయంబత్తూరు నగరమును ప్రతిదినము శుభ్రపరచు కార్మికులలో అరుంధతీయ కుటుంబములవారు అనేకులు కలరు. వారిలో పెక్కుమంది ఇంటిభాష తెలుగు. ఈ సంగతి మనకు తెలియనిది కాదు, తెలిసియు లెక్కింపనిది. తెలుగువారని చెప్పుకొనవలసి వచ్చినప్పుడు మనము మిల్లులు నిలిపినవారిని, యంత్రములు కనిపెట్టినవారిని, కళాశాలలు కట్టినవారిని తలచుకొందుము. తలచుకొనుట తప్పు గాదు. కాని నేడు ఈ పేట బడిలో బల్లమీద కూర్చుండి, ఇంటిలో నొక మాటయు పుస్తకములో నింకొక మాటయు చూచి తికమకపడుచున్న తెలుగు పిల్లవాడు ఎవ్వడని యడిగినచో, వాడు మనలో పెక్కుమంది ఇండ్లవాడు కాడు. ఆ తల్లి కుమారుడు. మన భాషను గూర్చిన విచారము ఎచ్చట నారంభింపవలెనో దీనివలన తేటపడుచున్నది.

ఈ నేలపై తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకునితో ఆరంభమైన మధుర నాయక రాజ్యము 1736 వరకు సాగెను. సైన్యములతో కొందరు, సేద్యముతో కొందరు, మగ్గములతో కొందరు, చెప్పులు కుట్టు చేతి పనితో కొందరు తరతరములుగా దక్షిణమునకు తరలివచ్చి మధుర సీమయందును కొంగుసీమయందును స్థిరపడిరి. కోయంబత్తూరులో నేటికిని తెలుంగుపాళయము కలదు. తెలుగు బ్రాహ్మణ వీధి కలదు. మన పేటలోనే భాష్యకార్లు రోడ్డు అని పలికినప్పుడెల్ల, ఆ పేరు చివరనున్న గౌరవ బహువచనపు 'లు' మన చెవికి ఇంటిమాటవలె వినబడును.

అయినను ఒక విషయము యోచింప దగినది. మధుర నాయకుల యాస్థానమున తెలుగు వాఙ్మయము మిక్కిలి గౌరవము నందెను. 1706 నుండి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయముగా తెలుగున గ్రంథములు రచించెను. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును తెలుగు వచనమున సంతరించెను. వచన రచనకు అంతటి వైభవము కలిగిన చోట, రెండున్నర శతాబ్దములు గడచునప్పటికి తెలుగు మాటలాడువారిలో తెలుగు చదువగలవారు అరుదై పోయిరి. రాజాస్థానమున పెరిగిన అక్షరము రాజ్యముతోడనే పోయెను. ఇంటిలో పెరిగిన మాట మాత్రము నిలిచెను. వంట గదిలోను, పొలములోను, మగ్గపు గుంటలోను, వీధిలోను నిలిచిన యా మాటకు బడి తోడు దొరకలేదు. అదియే మన చరిత్రలోని లోటు.

బడులు లేక కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలన్నిటను విద్యాలయములను లెక్కింపుడని కలెక్టర్లకు ఆజ్ఞాపించెను. కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ పంపిన లెక్కలో 763 పాఠశాలలు కలవు. రాజధాని యంతటను కలిపి 11,575 పాఠశాలలని ఆ విచారణయందు తేలెను. అవి పెద్ద భవనములు కావు. ఒక గృహస్థుని వీధి యరుగే బడి, ఇసుకయే పలక, తాటాకే పుస్తకము. తమిళులు దానిని తిణ్ణై పళ్ళి యనిరి. మనవారు వీధిబడి యనిరి. ఊరివారు ఇచ్చు గింజలును కాసులును పంతులుగారి జీతము. పొరుగువారు నిలిపిన బడి గనుక అది పొరుగువారి బడి యయ్యెను. అయితే ఆడపిల్లలకును, అంటరానివారని దూరముంచబడిన వారికిని ఆ యరుగు సాధారణముగా అందలేదు. ఇది కూడ మరువరానిది.

ఆ కొరత తీర్చుటకు పుట్టినవే పురపాలక పాఠశాలలు. కోయంబత్తూరు పురపాలక సంఘము 1866లో ఏర్పడెను. గడచిన శతాబ్ది ప్రథమ భాగమున పాత ఊరి యిరుకు తగ్గించుటకై పడమట కొత్త పేట నిర్మింపబడి, పురపాలకాధ్యక్షుడుగా నుండిన సి.ఎస్. రత్నసభాపతి మొదలియారు పేర రత్నసభాపతిపురమయ్యెను. నిడుపైన వెడల్పు వీధులును, వాని నడుమ ఉద్యానములును, అంగళ్లును, బడులును గల పేట యిది. 1920లో వెలువడిన మద్రాసు ప్రాథమిక విద్యా శాసనము బాలబాలికలకు చదువు చెప్పించుట స్థానిక సంస్థల కర్తవ్యముగా నేర్పరచెను. 1981లో పురపాలక సంఘము నగరపాలక సంస్థ యైనప్పుడు బడుల పేర్లపై పలకలు మారెను గాని వాని పని మారలేదు. ఎవరు వచ్చి నిలిచినను చేర్చుకొనుటయే ఆ పని.

మన పెద్దలును ఈ ధర్మమును ఎరుగనివారు కారు. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తి పంచుకొనునప్పుడు దానిని నాలుగు గాక అయిదు భాగములు చేసి, అయిదవ భాగమును ధర్మమునకు విడిచిరి. ఆ ధర్మసంస్థ పోషించిన పాఠశాల పేరు 'సర్వజన'. ఆ పేరును మన పాఠకులు ఒకసారి మెల్లగా పలికి చూడవలెను. స్వజన మనలేదు, సర్వజన మనిరి.

బడి యనగా అక్షరము లొక్కటియే కాదు, అన్నము కూడ. చెన్నపురి నగరపాలక సంఘమునకు అధ్యక్షుడైన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలమున, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతమునందలి నగరపాలక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజన మిడుట ఆరంభమయ్యెను. 1956లో కామరాజు నాడారు ప్రభుత్వము దానిని రాష్ట్రమంతట వ్యాపింపజేసెను. 1982లో ఎం.జి. రామచంద్రన్ పౌష్టికాహార పథకముగా దానిని విస్తరించెను. 2022 సెప్టెంబరు 15వ తేదీన మధురలోని ఆదిమూలము నగరపాలక ప్రాథమిక పాఠశాలలో ఉదయపు ఫలహార పథకమునకు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభోత్సవము చేసెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల కన్నిటికి అది అందెను. నూరేండ్ల యీ కథ యంతయు పేటబడి గోడల నడుమనే నడచినది.

మేము చూచిన పిల్లవాడు పరుగెత్తినది ఆ ఫలహారపు వరుసకే. ఆ వరుసలో ఎవరి పిల్లవాడు ఎవరి ప్రక్కన కూర్చుండవలెనని అడుగువారు లేరు. ఉప్మా కిన్నె ఒక్కటే; గరిటె ఒక్కటే. ఆ తరువాత తమిళ్‌తాయి ప్రార్థన. ఆ తరువాత తరగతులు. సాయంకాలము తల్లులు వాకిట చేరి, ఎవరి బిడ్డకు జ్వరము, ఏ వీధిలో నీరు రాలేదు, ఎవరింట పెండ్లి యను సంగతులు ముచ్చటించుకొందురు. విజయదశమి నాడు క్రొత్త పిల్లలను చేర్తురు. గణతంత్ర దినమున జెండా యెత్తి మిఠాయి పంచుదురు. పేటలోని వేరువేరు వాడలవారు ప్రతిదినము ముఖాముఖి నిలుచు చోటు ఇంకొకటి మాకు కానరాదు. మన మండపములలో వంటవారును వడ్డించువారును ఎవరో, తినువారెవరో ముందే తెలియును. బడిలో నది తెలియదు. పేటబడి గొప్ప యిదియే.

ఇక చదువు మాట. ఒకటవ తరగతి తమిళ వాచకములో 'అ' యనగా అమ్మ. ఇది ఇంటిమాటయే, పిల్లవాడు నవ్వును. 'ఆ' యనగా ఆడు. బొమ్మలో నున్నది మేక. పిల్లవాడు "మేక" యనును. "కాదు, ఆడు" అందురు. ఆడు మనగా ఆటకు పొమ్మనుటయే వానికి తెలుసు. 'ఇ' యనగా ఇలై, బొమ్మలో ఆకు. ఇట్లు ప్రతి యక్షరము వద్దను వాడు ఒక గడప ఎక్కి దిగవలెను. పిల్లలు చురుకైనవారు, కొన్ని నెలలలో నెక్కి దిగుట నేర్తురు. కాని ఆ నెలలలో తాను మందుడనని ఒక పిల్లవాడు నమ్మినచో ఆ నమ్మకము పదియేండ్లు వెంటాడును. మేక యనుట తప్పు కాదని, అదియు నొక మాటయేనని, దానికిని అక్షరములున్నవని చెప్పువాడొక్కడు ఆ గదిలో నుండిన చాలును.

అట్టి యుపాధ్యాయుని కోరుట భిక్ష కాదు. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రముయొక్కయు, ప్రతి స్థానిక సంస్థయొక్కయు విధి యని చెప్పుచున్నది. స్థానిక సంస్థ యనగా మన నగరపాలక సంస్థయే. అంతకు ముందే, 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశము ఒక కొలత నిర్ణయించినది. బడి మొత్తములో నలువదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఆ భాష పిల్లలున్నచో కనీస మొక యుపాధ్యాయుని నియమింపవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ, సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో నుండవలె ననుచున్నది.

పదిమంది, నలువదిమంది! ఈ యంకెలు చిన్నవి. మరి లోపమెక్కడ? లోపము ప్రవేశ పత్రములోని యొక చిన్న గడిలో నున్నది. మాతృభాష యని యడుగు చోట మనవారు ఆలోచింపక 'తమిళము' అని వ్రాయుదురు. లేక బడివారు వ్రాయగా ఊరకుందురు. బిడ్డకు చిక్కులు రాగూడదని కొందరు, ఏది వ్రాసిన నేమని కొందరు. అట్లు వ్రాసిన నాడే ఆ పిల్లవాడు లెక్కలో లేకపోవును. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాష యని చెప్పినవారు 42,34,302 మంది. నూటికి దాదాపు ఆరుగురు. అంతమంది యుండియు ఒక బడిలో పదిమంది పేర్లు చూపలేకపోవుట మన యలసత్వము గాని ప్రభుత్వపు తప్పు గాదు.

మన మాటను ఎవరును అపార్థము చేసికొనకుందురు గాక. తమిళమునకు ఎదురు నిలుచుట మన యుద్దేశము కాదు. 2006 నాటి తమిళ విద్యా శాసనము ఆ సంవత్సరము ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతికి చేరెను. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్ష విషయమున న్యాయస్థానములు పలుమార్లు మినహాయింపు నొసగినవి. 2023లో సర్వోన్నత న్యాయస్థానము ఒక సంవత్సరమునకు అట్లే ఒసగెను. ఆ మినహాయింపులు ఆపదలో నున్నవారికి అవసరము. కాని మన పేట పిల్లలకు కావలసినది తమిళమునుండి మినహాయింపు కాదు. ఈ నేల యన్నము తినుచు, ఈ నేల నీరు త్రాగుచు నున్నవారము. తమిళము చక్కగా నేర్వవలెను. దానితోపాటు అమ్మ మాటకు అక్షరము కావలెను. ఒకటి రెండవదానికి అడ్డమని చెప్పువారు పిల్లల శక్తిని ఎరుగరు.

"పేటబడిలో చదువు బాగుండదు, అందుచే మేము పంపలేము" అనువారికి మాదొక మనవి. మీ పిల్లలను రేపే అచ్చటికి మార్పుడని మేము శాసింపజాలము. ప్రతి తండ్రియు తన బిడ్డ మేలు తనకు తోచినట్లు చూచుకొనును. ఆంగ్లమునకై వెడలినామని చెప్పువారు మాత్రము, 2012-13 నుండి ప్రభుత్వ పాఠశాలలలోను ఆంగ్ల మాధ్యమ తరగతులు ఆరంభమైన సంగతి తెలిసికొనవలెను. ఇంతకును బడి బాగుండుటయు బాగుండకుండుటయు ఆకాశమునుండి పడునది కాదు. మాటలాడగలవారు, అర్జీ వ్రాయగలవారు, అధికారి యెదుట నిలువగలవారు ఒక్కొక్కరుగా వెడలిపోయిన బడి బలహీనమగును. వారు వెడలినందున బలహీనమైనదానిని చూపి, బలహీనమైనందున వెడలితి మనుట న్యాయము గాదు.

పిల్లలను పంపకున్నను చేయదగిన పనులు కలవు. మన సంఘము ఈ సంవత్సరము మూడు పనులు చేపట్టవలెనని మా సూచన.

మొదటిది, లెక్క. ఆదివారములలో ఇద్దరిద్దరుగా సభ్యులు ఇల్లిల్లు తిరిగి, పెద్ద వీధులనే గాక కార్మికుల వాడలను కూడ తప్పక చూచి, ప్రాథమిక తరగతుల తెలుగు పిల్లల పేర్లు వ్రాసికొనవలెను. మాతృభాష గడిలో ఉన్నది ఉన్నట్లు వ్రాయింపుడని తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను. జనగణన యధికారి వచ్చినప్పుడును ఇదే మాట. తరగతిలో పదిమంది తేలిన చోట, ఆ పట్టికతో నగరపాలక సంస్థకును విద్యాశాఖకును అర్జీ పెట్టవలెను. పాఠ్యపుస్తకములు లేవను సాకు చెల్లదు. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థయే తెలుగు వాచకములను అచ్చువేయుచున్నది.

రెండవది, అక్షరము. యుపాధ్యాయుడు వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడి, ఒకటి మొదలు ఎనిమిది తరగతులకు 2021 నవంబరు 1వ తేదీన గాని తెరువబడనందున కలిగిన లోటు తీర్చుటకు, 'ఇల్లం తేడి కల్వి' యను పథకమున వేలకొలది స్వచ్ఛంద సేవకులు సాయంకాలములందు వీధులలోనే పిల్లలకు చదువు చెప్పిరి. ఆ వీధిబడి మన తాతల వీధిబడియే. వారమునకు రెండు గంటలు తెలుగు అక్షరములు నేర్పుటకు మనలో విశ్రాంతి నొందిన ఉద్యోగులు కరవా? ఒక్క నియమము మాత్రము కావలెను. ఆ తరగతి ఏ కులపు మండపమునందును జరుగరాదు. ప్రధానోపాధ్యాయుల యనుమతితో పాఠశాల ఆవరణముననే జరుగవలెను. మన యింటి పిల్లలును అచ్చటికే రావలెను. ఆ తల్లి కుమారుని ప్రక్కనే కూర్చుండవలెను. తమిళ పిల్లలు వచ్చినను స్వాగతమే.

మూడవది, బాధ్యత. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య సంఘ మొకటి కలదు. అందు మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే. సభ్యులలో సగము స్త్రీలు. చీపురు గోడకు చేరవేసిన యా తల్లి అందు కూర్చుండుటకు చట్టము చోటిచ్చియున్నది. ఆమెకు కావలసినది మన నాయకత్వము కాదు. ఆమె మాట వినబడునట్లు వెనుక నిలుచు తోడు. అర్జీ వ్రాసి పెట్టుట, పనికి పోవలసిన వేళ సభ పెట్టవద్దని అధికారులకు చెప్పుట, మరుగుదొడ్డి తలుపు విరిగినదని ఆమె చెప్పినప్పుడు అది బాగగువరకు వెంట తిరుగుట. ఇవి చిన్న పనులు. భాషాసేవ యని మనము పెద్ద పేరు పెట్టుకొనినది ఈ చిన్న పనులతోనే నిలుచును.

మూడు వందల యేండ్ల క్రిందట ఈ దేశమున తెలుగు సింహాసనముపై కూర్చుండెను. సింహాసనముతో కూడ లేచి పోయెను. పోక నిలిచినది పేదవాని నోటి తెలుగు. దానిని మనము ఇంతకాలము తెలుగుగా నెంచలేదు. ఇప్పుడైనను ఎంచుదము. వచ్చు ఉగాదికి పంచాంగ శ్రవణమునకు ముందు, మన సభలో ఒక పట్టిక చదువబడవలెను. అందు మన పేట బడి పిల్లల పేర్లు, వారు నేర్చిన యక్షరముల లెక్క యుండవలెను. ఆ పట్టిక విను ముందు వరుసలో ఆ తల్లియు కూర్చుండి యుండవలెను.

బడి గంట మ్రోగినది. పిల్లవాడు పరుగెత్తినాడు. ఆలస్యము మనదే.